అతీంద్రియ శక్తి కాదు, ఇంట్లో చెప్పుకున్న మాట

2004 సునామీ తర్వాత ఒక కథ బాగా ప్రచారమయింది. అండమాన్ ఆదివాసులకు అతీంద్రియ శక్తి ఉందట, అందుకే ఒంగేలు బతికిపోయారట. మరి నికోబారీలూ ఆదివాసులే కదా? కార్ నికోబార్‌లో, కచ్చల్‌లో వాళ్ళే ఎక్కువగా పోయారెందుకు? ఒంగేల పెద్దలు తరతరాలుగా చెప్పుకునే మాట ఒకటుందని అప్పటి కథనాలు చెప్పాయి: భూమి కదిలితే గట్టెక్కాలి. ఇందులో మహిమ ఏమీ లేదు.

దీనికి ఇంకా గట్టి రుజువు సుమత్రా పక్కనున్న సిమెయులూ దీవి. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామంది పోయారు. మిగిలినవాళ్ళు దానికి "స్మాంగ్" అని పేరు పెట్టి, పిల్లలకు కథలుగా, పాటలుగా నేర్పారు. 2004లో దాదాపు 78,000 మంది ఉన్న ఆ దీవిలో చనిపోయింది సుమారు 7గురు.

మన దగ్గర ఏం జరిగింది? 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. మీటరు లోపు సునామీ అలలు బంగాళాఖాతం చుట్టూ ఉన్న కొలత యంత్రాల్లో నమోదయ్యాయి. ఆ సంగతి కాగితాల్లోనే ఉండిపోయింది, ఇళ్ళలోకి రాలేదు. 2004 డిసెంబరు 26 ఉదయం 6:28కి భూమి కంపించింది. మద్రాసు తీరానికి అల చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది, నికోబార్ దీవులకు నిమిషాలే. అండమాన్ నికోబార్‌లో 3,000 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు.

దీని తర్వాత నాలుగు రోజులకే ఇంకో విడ్డూరం. భూకంపాలు ముందే చెప్పగలమన్న ఒక అమెరికా ప్రైవేటు సంస్థ మాట పట్టుకుని, డిసెంబరు 30న కేంద్ర హోంశాఖ హెచ్చరిక జారీ చేసింది. జనం తీరం వదిలి పరుగులు తీశారు. అల రాలేదు. ఫలానా రోజున భూకంపం వస్తుందని చెప్పే విద్య ఇప్పటికీ ఎవరికీ లేదు. వచ్చాక సునామీని పసిగట్టడం మాత్రం సాధ్యం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ కేంద్రం 2007 నుంచి చేస్తున్నది అదే. కానీ సుమత్రా, నికోబార్ పక్కన భూమి కదిలితే ఈ దీవుల్లో ఆ కబురు కోసం ఎదురుచూసే వ్యవధి ఉండకపోవచ్చు. కంపనమే మొదటి హెచ్చరిక.

నేనుండేది పోర్ట్‌బ్లెయిర్‌లో (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు). శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా తెలుగు ఇళ్ళలో ఈ మాటెత్తితే "అశుభం పలకకండి, తథాస్తు దేవతలుంటారు" అంటారు. నేను మాత్రం మా ఇంట్లో నాలుగు నియమాలు పెట్టాను:

నిలబడలేనంతగా లేక చాలాసేపు ఊగితే, ఊగడం ఆగగానే గట్టు మీదికి నడవాలి. సముద్రం వెనక్కి పోతుందేమోనని చూడకూడదు, కొన్నిచోట్ల అలే ముందు వస్తుంది.

ఎవరికోసమూ వెనక్కి రాకూడదు. పిల్లల్ని బడివాళ్ళు ఎత్తైన చోటికి తీసుకెళ్తారు, ఆ చోటేదో ముందే కనుక్కున్నాం.

అందరూ కలిసే చోటు ఒక్కటే. ఫోన్లు పనిచేయకపోతే సిక్కోలులోని మా చుట్టాలకు ఎవరికి వీలైతే వాళ్ళు కబురు పెట్టాలి.

మొదటి అల తగ్గిందని దిగకూడదు. తర్వాతివి ఇంకా పెద్దవి కావచ్చు.

ఏటా డిసెంబరు 26న ఆ దారి వెంట ఇంటిల్లిపాదీ నడుస్తాం. సిమెయులూ వాళ్ళు 97 ఏళ్ళు మాటతో నిలుపుకున్నదాన్ని మనం ఏడాదికి ఒక్క గంటతో నిలుపుకోలేమా?