రోకలి పోయింది, మంచిదే

మా నాయనమ్మ సన్నగా ఉండేది. ఆ మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు అందుకుంటారు: "అప్పటి తిండే వేరమ్మా, దంపుడు బియ్యం, చద్దన్నం, గంజి." అందుకునేది ఎక్కువగా మగవాళ్ళే. నాయనమ్మ మబ్బు వీడకముందే లేచి, రోట్లో వడ్లు పోసి, తోటికోడలితో కలిసి రోకలి వేసేది. ఒకరిది లేస్తుంటే ఇంకొకరిది దిగేది. ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నెలో మిగిలితే తినేది, లేకపోతే లేదు. సన్నగా ఉండక ఏం చేస్తుంది? పాలకొల్లు పక్క మా పల్లెకి బియ్యం మిల్లు వచ్చి రోకలి అటకెక్కినప్పుడు ఏ ఆడదీ ఏడవలేదు. నేనూ ఏడవను.

అసలు మా సీమలో అందరూ మూడు పూటలా వరన్నం తిన్న కాలం పెద్ద పాతదేం కాదు. 1833 డొక్కల కరువు ఈ జిల్లాలని ఊడ్చిపెట్టింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కల్లా ముగించాడు. కాలవలు వచ్చాక డెల్టా అంతా వరి అయింది. జొన్నలు, చోళ్ళు మెల్లగా మెరకకి జరిగాయి, తర్వాత పేదింటికి, తర్వాత ఎవరింటికీ రాకుండా పోయాయి. తెల్లటి అన్నం పెట్టగలగడం పరువు. చుట్టం వస్తే ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి; వద్దన్నకొద్దీ ఇంకో గరిటె. వద్దన్నవాణ్ణి వదిలేస్తే పెట్టినవాళ్ళకి చిన్నతనం.

ఆ తెల్లదనానికి వెల కూడా కట్టాం. ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఉందని మాల్కంసన్ అనే డాక్టరు 1835లోనే పుస్తకం రాశాడు. కూనూరు ప్రయోగశాలలో మెక్‌కారిసన్, నోరిస్ 1924లో బియ్యానికీ ఆ జబ్బుకీ ఉన్న ముడిని పరిశోధించారు. పాలిష్‌లో పోయే తవుడులోనే కావలసిన విటమిను ఉంది. మేం తవుడు గేదెలకి పెట్టి, బియ్యం మేం తిన్నాం. గేదెలు బాగానే ఉన్నాయి.

తర్వాత కథ నా కళ్ళముందు జరిగింది. 1960లో మొదలైన వ్యవసాయ ప్యాకేజీ పథకానికి దేశంలో ముందుగా ఎంచుకున్న జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్ 8 రకం వరి పండించి చూపించారు. 1980ల్లో మార్టేరు పరిశోధనా కేంద్రం వారి స్వర్ణ ఊరూరా పాకింది. 1983లో ఎన్టీ రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. కూలిజనం కడుపునిండా తిన్నారు, అది తక్కువ సంగతి కాదు. అయితే ఆ కాలంలోనే ఎడ్లు పోయి ట్రాక్టరొచ్చింది, రుబ్బురోలు పోయి గ్రైండరొచ్చింది, సైకిలు పోయి మోటారుసైకిలొచ్చింది. పళ్ళెంలో అన్నం మాత్రం దమ్ము చేసి వచ్చినవాడికి పెట్టినంతే పెడుతున్నాం.

2006లో ఒక అధ్యయనం అచ్చయింది. గోదావరి జిల్లాల్లో 20 పల్లెల్లో ముప్పై ఏళ్ళు దాటిన 4,535 మందిని చూస్తే నూటికి 13 మందికి షుగరు. పట్నం జబ్బనుకున్నది వరిచేల మధ్య తేలింది. మా వీధి లెక్క చెప్పమన్నా నేను అంతే చెప్పేదాన్ని.

ఇదంతా తెలుసుకున్నాక నా నడుము చుట్టుకొలత మీద నాకున్న సిగ్గు కొంత తగ్గింది. కాలవ, మిల్లు, మిక్సీ కలిసి చేసిన ఒళ్ళిది, నేనొక్కదాన్నే చెయ్యలేదు. సిగ్గు తగ్గినంత మాత్రాన బరువు తగ్గదనుకోండి. ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదన్నాడు డాక్టరు, భయపడ్డాను. ఆ భయం సంక్రాంతి అరిసెల దాకా ఉంది. కోడలు బరువు చూసే మిషను కొంది. అది మంచం కిందకి చేరింది. పూర్వకాలపు తిండి గురించి చెప్పేవాళ్ళ మాటైతే చెవికే ఎక్కలేదు. నాయనమ్మలా బతకమంటే ఎవరు బతుకుతారు?

నన్ను కదిలించింది ఒక ప్లాస్టిక్ కుర్చీ. మా అబ్బాయి పెళ్ళయ్యాక అన్నవరం వెళ్ళి సత్యనారాయణ వ్రతం చేయించాం. అందరూ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "పెద్దావిడకి కుర్చీ వెయ్యండి" అన్నారెవరో, మర్యాదకే. కథ విన్నంతసేపూ నేను పైన, నాకంటే పెద్దదైన మా ఆడపడుచు కింద. ఆవిడ నిటారుగా కూర్చుని అక్షింతలు వేస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తగ్గాలి అని కాదు, కింద కూర్చోవాలి అని పట్టుకుంది నాకు. మోకాళ్ళు మడవాలి, గోడ పట్టుకోకుండా లేవాలి. అంతే.

దానికి ఒళ్ళు కదపాలి. అమెరికాలో రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే ఇద్దరు 1994లో ఒక జాబితా మొదలుపెట్టారు: పదమూడు కిలోల పైన తగ్గి, ఏడాదైనా మళ్ళీ పెరగకుండా నిలుపుకున్నవాళ్ళ జాబితా. వాళ్ళలో చాలామంది రోజుకో గంట ఒళ్ళు కదిలించేవాళ్ళే. నాయనమ్మ రోకలి ఇంచుమించు అంతసేపు పడేదేమో. తేడా ఒక్కటే, ఆవిడకి వేరే దారి లేదు. నేను పొద్దున్నే కాలవగట్టు వెంట నడిచేది నా పంతం కోసం.

అన్నం ఒక గరిటె తగ్గించి కూర పెంచాను. మారు వడ్డించబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెడతాను, అలిగేవాళ్ళు అలుగుతారు. "చిక్కిపోయావేంటి, షుగరొచ్చిందా?" అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. మా వైపు సన్నబడితే రోగమే అనుకుంటారు, ఏం చేస్తాం.

వంటింటి గట్టు మీద చాకు మానేసి, అటక మీంచి కత్తిపీట దింపించాను. దాని ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. లేచేటప్పుడు ఇంకా ఒక చెయ్యి నేలకి ఆనించాల్సి వస్తోంది. మా ఆడపడుచు ఆనించదు.