ఇంటి దీపము - దాని వెల

రాత్రివేళ దీపము వెలిగించి, పంకా త్రిప్పి, రేడియో ముందు కూర్చుండు గృహస్థుని ఆ మూడింటికిని ఎంత వెల యగుచున్నదని యడిగినచో వెంటనే చెప్పజాలడు. బియ్యము ధర ఇల్లాలికి తెలియును. కొబ్బరికాయ ధర కోనసీమలో పసివానికి సయితము తెలియును. విద్యుచ్ఛక్తి విషయమున మాత్రము నెల గడచి బిల్లు వచ్చువరకు మనకు ఏమియు తెలియదు. వచ్చిన పిమ్మటను ఆ మొత్తము ఎట్లు తేలినదో పలువురకు బోధపడదు. ఈ లెక్కను సులభము చేయవలెనని మన రాష్ట్రమున జరిగిన ప్రయత్నములకు ఒక చరిత్ర కలదు. దానిని గోదావరి గట్టునుండి ఒకమారు పరిశీలింతము.

విద్యుద్దీపము తొలుత మన డెల్టాలో పట్టణములకు వచ్చినది. 1910 నాటి భారత విద్యుచ్ఛక్తి శాసనము ననుసరించి ప్రభుత్వము లైసెన్సు నొసగెడిది. దానిని పొందిన సంస్థ పట్టణమున స్తంభములు పాతి, తీగలు లాగి, ఇంటింట మీటరు నమర్చి, వెల వసూలు చేసెడిది. రాజమహేంద్రవరమున 'రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లయి కార్పొరేషన్' అట్టి సంస్థ. ఊరికొక సంస్థ యున్నచోట ఊరికొక ధర యుండుట సహజము. దీపములకును పంకాలకును ఒక ధర, నీళ్లు కాచు పరికరములకును మోటార్లకును వేరొక ధర, దానికొక ప్రత్యేకమైన మీటరు - ఇది దేశమున అనేక పట్టణములలో నడచిన పద్ధతి. లెక్క చిక్కైనదే, కాని ఆనాడు కరెంటు గల యిండ్లు కొద్ది గనుక ఆ చిక్కు కొద్దిమందికే పరిమితమైయుండెను.

ఇట్టి సంస్థలను స్వాధీనము చేసికొనుటకు మద్రాసు ప్రభుత్వము 1949లో ఒక శాసనము చేసెను. రాజమండ్రి సంస్థ దానిని ప్రతిఘటించి సుప్రీంకోర్టు కెక్కెను. 1935 నాటి రాజ్యాంగ చట్టము భూమిని నిర్బంధముగా సేకరించుటకు రాష్ట్ర శాసనసభ కధికారము నిచ్చినదే కాని, వ్యాపార సంస్థను సేకరించుట కీయలేదని నిర్ణయించి, 1954లో న్యాయస్థానము ఆ శాసనమును కొట్టివేసెను. అప్పటికి ఆంధ్రరాష్ట్ర మేర్పడి కొన్ని మాసములే యైనది. ఆ సంవత్సరముననే ఆంధ్ర శాసనసభ స్వయముగా వేరొక శాసనమును చేసికొనెను. ఇట్లు మన పట్టణపు దీపము పేర జరిగిన వ్యాజ్యము భారత న్యాయచరిత్రలో నిలిచిపోయినది.

1955లో మాచ్‌కుండ్ జలవిద్యుత్కేంద్రము ఆరంభమైనది. 1957 ఏప్రిల్ 1వ తేదీన అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. అణా అనగా ఆరుంబావు నయాపైసలు. కావు నాణెము లేదు గనుక చిల్లర లెక్కలలో ఎచ్చటనో యొకచోట ఎక్కువయో తక్కువయో చేయక తప్పలేదు. లెక్క సులభమైనది, ఆ సులభములో మిగిలిన పావు ఎవరి కొంగున పడినదను ప్రశ్న మాత్రము బజారున చాలకాలము వినబడెను. ఈ ప్రశ్నను శ్రోతలు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దీనితో పని కలదు.

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి స్థాపితమైనది. క్రమముగా ఊరికొక ధర పోయి రాష్ట్రమంతకు ఒకే పట్టిక యేర్పడెను. మన చరిత్రలో ఇది మొదటి గొప్ప సులభీకరణము. దీనివలన కొండప్రాంతపు పల్లెకు తీగ లాగిన ఖర్చు ఆ పల్లెవారిపైననే పడకపోయెను. మరియొకవంక విజ్జేశ్వరమునను జేగురుపాటను మన కన్నులయెదుట గ్యాసుతో విద్యుత్తు తయారైనను, ఆ కేంద్రముల నీడనున్న యింటికిని అనంతపురమునందలి యింటికిని ధర యొక్కటియే. ఒకే ధర యన్నచో కొందరు కొందరిని మోయుచున్నారని యర్థము. అది తప్పు గాదు. తెలిసి మోయుట మేలు.

1998లో వచ్చిన సంస్కరణ శాసనముచే మండలి విడిపోయెను. 1999లో విద్యుత్ నియంత్రణ మండలి యేర్పడి, ధరలను బహిరంగ విచారణ జరిపి నిర్ణయించు పద్ధతి వచ్చినది. 2000 సంవత్సరమున పెంచిన ధరలపై రాష్ట్రమంతట ఆందోళన చెలరేగెను. ఆగస్టు 28వ తేదీన హైదరాబాదు బషీర్‌బాగున పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. విద్యుత్తు ధర యనునది కేవలము గుమాస్తాల లెక్క కాదని ఆ దినము అందరికిని తెలిసినది. మన గోదావరి జిల్లాలకు విశాఖపట్టణము కేంద్రముగా గల తూర్పు ప్రాంత పంపిణీ సంస్థ యేర్పడినదియు ఆ సంవత్సరముననే.

ఇక మన కాలమునకు వత్తము. 2020కి పూర్వము కొన్ని సంవత్సరములు గృహములను ఏ, బి, సి యని మూడు వర్గములుగా విభజించి యుంచిరి. గడచిన సంవత్సరమున 900 యూనిట్లు మించనివారు మొదటి వర్గము, 2,700 వరకు రెండవది, ఆపైన మూడవది. వైశాఖమాసపు టెండలలో రాజమహేంద్రవర వాసి రాత్రి పగలు పంకా త్రిప్పినను, ఆ యొక్క మాసమువలన అతని వర్గము మారెడిది కాదు. 2020-21లో ఈ పద్ధతిని మార్చి, ఏ నెల వాడుకను బట్టి ఆ నెల వర్గమును నిర్ణయింపసాగిరి. 75 యూనిట్ల వరకు ఏ, 225 వరకు బి, ఆపైన సి. వినుటకు ఇది సులభము. కాని దీనిలో రెండు గోతులుండెను.

లెక్క చూతము. ఇతర రుసుములను విడిచి కేవలము యూనిట్ల వెలనే గణించినచో, 2021-22లో 75 యూనిట్లు వాడిన యింటికి 137 రూపాయల 50 పైసలు. 76 యూనిట్లు వాడిన యింటికి 197 రూపాయల 60 పైసలు. ఒక్క యూనిట్టునకు 60 రూపాయల 10 పైసలన్నమాట! 225 యూనిట్ల వెల 792 రూపాయల 50 పైసలు కాగా, 226 యూనిట్ల వెల 1,024 రూపాయల 60 పైసలు. ఒక యూనిట్టనగా 75 వాట్ల పంకా పదమూడు గంటల ఇరువది నిమిషములు తిరుగుట. ఒక రాత్రి చుట్టము వచ్చి పండుకొన్నచో ఆ పంకా ఖరీదు రెండువందల ముప్పదిరెండు రూపాయలైన దుర్ఘటన ఇదియే. మీటరు చూచువాడు రెండు దినములు ఆలస్యముగా వచ్చినను ఇట్టి భయమే.

2022 ఏప్రిల్‌నుండి నియంత్రణ మండలి ఈ వర్గములను రద్దు చేసెను. గృహములన్నియు ఒకే వర్గము. మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 90 పైసలు. 75 వరకు 3 రూపాయలు. 125 వరకు 4 రూపాయల 50 పైసలు. 225 వరకు 6 రూపాయలు. 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9 రూపాయల 75 పైసలు. ఎంత వాడినవారికైనను మొదటి మెట్ల తక్కువ ధర లభించును. గోతులు పూడినవి. 76వ యూనిట్టునకు నాలుగున్నర రూపాయలే. 226వ దానికి ఎనిమిది రూపాయల ముప్పాతికయే.

అయితే ఆ గోతులను ఏ మట్టితో పూడ్చిరి? క్రొత్త పట్టికలో 76 యూనిట్ల వెల 196 రూపాయల 50 పైసలు. పాత వెలకంటె ఒక రూపాయి పది పైసలు తక్కువ. కాని 75 యూనిట్ల వెల 192 రూపాయలైనది. నూటికి దాదాపు 40 వంతుల పెంపు. 225 యూనిట్ల వెల 1,017 రూపాయలు; నూటికి 28 వంతులు. 500 యూనిట్లు వాడు ఏసీ గదుల యింటికి 3,195 పోయి 3,523 రూపాయల 25 పైసలైనది. నూటికి 10 వంతులు మాత్రమే. అనగా మిట్టను త్రవ్వి పల్లమును నింపుటకు మారుగా, పల్లముననున్నవారినే మిట్టకు ఎక్కించిరి. సర్దుకొని వాడి 75 లోపల నిలిచిన యిల్లాలి జాగ్రత్తకు పూర్వము లభించిన ప్రతిఫలము పోయినది. రూపాయలలో చూచినచో పెద్ద యింటి పెంపే పెద్దదనుటయు, 30 యూనిట్ల ధర నేటికిని తుది మెట్టు ధరలో అయిదవ వంతునకు లోబడియే యున్నదనుటయు సత్యమే. విద్యుత్తు తయారు ఖర్చు పెరిగినమాటయు కాదనరాదు. మా మనవి యొక్కటే: లెక్కను సులభము చేయుట వేరు, ధరను పెంచుట వేరు. రెండింటిని ఒకే దినమున చేసినప్పుడు దేనికెంత చెల్లించుచున్నామో గృహస్థునకు తెలియదు. అణా పోయిననాటి పావు నయాపైస ప్రశ్నయే ఇది.

సులభీకరణము ఇతర దేశములలోను అనుకొన్న ఫలము నీయని సందర్భములు కలవు. బ్రిటనులో ఒకే యింటికి విద్యుత్తు నమ్మజూపు సంస్థలు పెక్కు. వాని ధరల పట్టికలు అసంఖ్యాకమై ప్రజలు తికమకపడుచున్నారని, ఆఫ్‌జెమ్ అను నియంత్రణ సంస్థ ఒక్కొక్క వర్తకుడు నాలుగు పట్టికలకు మించి యుంచరాదని నియమము చేసెను. 2016లో అచ్చటి పోటీ వ్యవహారముల అధికార సంస్థ విచారించి, ఈ నియమము వర్తకులలో పోటీని తగ్గించినదని నిర్ణయించుటచే దానిని తొలగించిరి. అచ్చట వర్తకుని మార్చుకొను వీలైన కలదు. మనకు తీగ యొక్కటి, అమ్మువాడొక్కడు. కావున పట్టికలో జరుగు ప్రతి మార్పును మనము పరిశీలింపవలసిన యవసరము మరింత యెక్కువ.

2022 తరువాత ఇంధన వ్యయపు సర్దుబాటు అను పంక్తులు బిల్లులో చేరుటచే, ధరల పట్టిక సులభమైనను బిల్లు తిరిగి పొడవైనది. కావున గృహస్థులు మూడు పనులు చేయుట మంచిది. బిల్లులను పారవేయక ఒక తీగకు గ్రుచ్చి యుంచుడు. యూనిట్ల వెలను వేరుగా, తక్కిన రుసుములను వేరుగా కూడి చూడుడు. ధరలు మార్పదలచినపుడు నియంత్రణ మండలి ప్రజల అభిప్రాయములను కోరును. చదువుకొన్న పిల్లలచేతనైన ఒక యుత్తరము వ్రాయించుడు. ఆ యుత్తరమున 'మా యింట ఇన్ని యూనిట్లు వాడుదుము, నేడింత చెల్లించుచున్నాము, మీ క్రొత్త పట్టికలో ఎంత యగును?' అని అడిగిన చాలును.