పర్లాకిమిడి చిన్న రైలు, మన మగ్గం

నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూరు పోయే రైలు ఈ ప్రాంతపు మన కుటుంబాలన్నిటికీ తెలిసినదే. మద్రాసు–కలకత్తా పెద్ద లైను నౌపడ మీదుగా పోయింది గాని పర్లాకిమిడికి రాలేదు. అందుకని పర్లాకిమిడి రాజావారు సొంత ఖర్చుతో 25 మైళ్ల చిన్న లైను వేయించారు. 1900లో బండి నడిచింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. మొదట కొన్నేళ్లు నష్టమే వచ్చింది, అయినా ఆపలేదు. 1931 నాటికి గుణుపూరు దాకా పొడిగించారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది. టెక్కలి, పాతపట్నం ఇటు ఉండిపోయాయి. సరిహద్దు మారింది గాని బండి దారి మారలేదు. నూలు కట్టలకీ, పెళ్లి సంబంధాలకీ మాకు అదే దారి. ఒడిశాలో ఉంటూ ఇన్ని తరాలు మేము తెలుగు నిలబెట్టుకున్నామంటే అందులో ఆ బండి సాయమూ ఉంది.

చిన్న లైనుతో చిక్కు ఏమిటంటే, నౌపడలో సరుకంతా దింపి మళ్లీ పెద్ద బండికి ఎక్కించాలి. కూలి రెండుసార్లు. లారీలు, బస్సులు వచ్చాక ఆ అవస్థ ఎవరు పడతారు? 2004లో చిన్న బండి ఆపేశారు. పెద్ద లైను వేసి 2011లో మళ్లీ నడిపించారు. మేమంతా సంతోషించాము. పిల్లల చదువులకీ, ఆస్పత్రులకీ పెద్ద బండే కావాలి.

అయితే పాత లైను ఒక నాలుగైదు మైళ్లయినా ఉంచి, దాని మీద ఆవిరి ఇంజను నడిపి ఉంటే ఎంత బాగుండేది! ఇది అయ్యే పనేనా అంటారేమో. తమిళనాడులోని మనవాళ్లని అడగండి. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్ల కొండ రైలు ఉంది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేశారు. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. కూనూరు దాకా ఇప్పటికీ ఆవిరి ఇంజనే తోస్తుంది. పాత ఇంజన్లు స్విట్జర్లాండు నుంచి వచ్చినవి. అవి అరిగిపోతే తిరుచిరాపల్లి దగ్గర పొన్మలై వర్క్‌షాపులో కొత్తవి తయారుచేశారు. బాయిలరు చేసే చేయి, నిప్పు చూసే కన్ను మిగిలి ఉన్నాయి గనకనే ఆ బండి నిలిచింది.

మన మగ్గం సంగతీ అంతే. అద్దాల పెట్టెలో పెట్టిన మగ్గాన్ని చూసి ఎవరూ నేత నేర్చుకోలేరు. ఆసు పోయడం, పడుగుకి గంజి పెట్టడం, అచ్చు అతకడం బాగా తెలిసినవాళ్లు మా సంఘంలో వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే ఉన్నారు. అందరూ అరవై దాటినవాళ్లే. వాళ్లు వెళ్లిపోయాక ఎంత డబ్బు పెట్టినా ఆ పని రాదు.

అందుకని సోదర సంఘాలకు మా మనవి ఒక్కటే. ప్రతి ఊళ్లోనూ ఒక మగ్గం ఆగకుండా నడవాలి. దాని పక్కన ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. వాళ్లు ఉద్యోగాలకే పోనివ్వండి, ముందు చేతికి పని తెలియాలి. పెద్దలు ఉండగానే ఇది జరగాలి.