పాట పేరు ఎవరి సొత్తు? సి.డి. వివరాల చిట్టా కథ



మన ఇళ్ళలో ఇంకా సి.డి.లు ఉన్నాయి. కంప్యూటర్‌లో పెడితే పాట పేరు, పాడినవారి పేరు తెరమీద వరసగా వస్తాయి. ఆ పేర్లు సి.డి. లోపలే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. సాధారణంగా ఉండవు. అవి ఎక్కడో ఒక చిట్టాలో ఉంటాయి, అక్కడినుంచి వస్తాయి. ఆ చిట్టాను ఎవరు రాశారు, ఎవరు అమ్ముకున్నారు, మళ్ళీ అందరి సొత్తుగా ఎలా నిలబెట్టారు అన్న చరిత్ర చిన్నదే. కాని తమిళనాట ఉండి తెలుగు పాట పాడుకునే మనకు దానితో పని ఉంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాము. ఓపికగా చదవండి.

ముందు రికార్డుల సంగతి. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మన దేశపు గాయకుల పాటలు రికార్డు చేశాడు. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి. గౌహర్ జాన్ పాట ముగించగానే తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. అక్కడ లేబుల్ అంటించేవారికి ఎవరు పాడారో తెలియడానికే అలా చెప్పించేవారని అంటారు. అంటే పాట వేరు, పాట వివరం వేరు అన్న చిక్కు మొదటి రోజునుంచే ఉంది. తరువాత ఆ వివరం కాగితం మీదికి ఎక్కింది: రికార్డు నడుమ లేబుల్, ఎల్.పి. అట్ట, క్యాసెట్ పెట్టెలోని మడత కాగితం. కాగితం పోతే పాట ఉంటుంది, పేరు ఉండదు.

1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీల సి.డి. వచ్చింది. అందులో ధ్వని ఉంది, మొదట్లో ఒక విషయసూచిక ఉంది. ఎన్ని పాటలు, ఏ పాట ఎక్కడ మొదలవుతుంది అన్నది సెకనులో 75వ వంతు లెక్కతో ఆ సూచికలో ఉంటుంది. పేర్లకు మాత్రం చోటు పెట్టలేదు. 1996లో సి.డి. టెక్స్ట్ అనే ఏర్పాటు వచ్చినా ఎక్కువ సి.డి.లలో దాన్ని వాడలేదు.

1993 ప్రాంతంలో టీ కాన్ అనే ప్రోగ్రామర్ కంప్యూటర్‌లో సి.డి. వినడానికి ఎక్స్‌ఎంసీడీ అనే ప్రోగ్రాము రాశాడు. ఆయన పట్టుకున్న కిటుకు సులభమైనదే. రెండు వేర్వేరు సి.డి.లలో పాటలన్నీ సరిగ్గా అవే చోట్ల మొదలు కావడం అరుదు. కాబట్టి పాటలు మొదలయ్యే సమయాలు, మొత్తం నిడివి, పాటల సంఖ్య కలిపి ఒక చిన్న నంబరు తయారుచేస్తే అది ఆ సి.డి.కి వేలిముద్రలా పనికొస్తుంది. ఆ నంబరు పక్కన పేర్లు రాసిపెట్టుకుంటే చాలు. ఒకరు టైపు చేసి పంపితే తరువాతివారు మళ్ళీ టైపు చేయనక్కరలేదు. దాని పేరు సి.డి.డి.బి. స్టీవ్ షెర్ఫ్ కూడా చేరాక అది ఇంటర్‌నెట్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఎక్కడెక్కడి శ్రోతలో తమ దగ్గరున్న సి.డి. అట్ట చూసి టైపు చేసి పంపారు. ఎవరూ కూలి అడగలేదు.

1998లో ఆ చిట్టాను ఎసియెంట్ అనే కంపెనీ కొన్నది. 2000లో పేరు గ్రేస్‌నోట్ అయింది. 2001లో లైసెన్సు తీసుకోని ప్రోగ్రాములకు తలుపు మూసింది. పేర్లు ఊరికే రాసిచ్చినవారు, ఆ పేర్లను ఊరికే చూపించే ప్రోగ్రాములు రాసినవారు బయట నిలబడ్డారు. 2008లో సోనీ ఆ కంపెనీని 26 కోట్ల డాలర్లకు కొన్నది. 2014లో ట్రిబ్యూన్ 17 కోట్ల డాలర్లకు కొన్నది. 2016 చివర నీల్సన్ 56 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కంప్యూటర్లకు, మనుషులకు ఖర్చు ఉంటుంది. తరువాత వాళ్ళు సొంతంగా చేర్చుకున్న పనీ చాలా ఉంది. అయినా మొదటి రోజున ఒక కాగితం మీద "ఈ చిట్టా ఎవరిది?" అని రాసుకోకపోతే చివరికి ఏమవుతుందో ఇందులో తెలుస్తుంది. గుడికి చందాలు వేసి, పట్టా ఒకరి పేర రాయించిన ఊళ్ళు మనమూ చూశాము.

తలుపు మూసే లోపల బయట ఉన్న పాత నకలు ఆధారంగా ఫ్రీడీబీ అనే ఉచిత చిట్టా మొదలైంది. మంచి పనే. కాని పాత చిట్టాలోని లోపాలు కూడా వెంట వచ్చాయి. అన్ని రకాల సంగీతాన్నీ 11 గదుల్లో సర్దాలి. ఒకే సి.డి. రెండు గదుల్లో రెండు రకాల రాతతో ఉండేది. వేరే వేరే సి.డి.లకు ఒకే నంబరు రావడమూ ఉండేది. అది 2020లో మూతపడింది.

ఇదే సమయంలో రాబర్ట్ కే అనే ప్రోగ్రామర్ ముందు సి.డి. ఇండెక్స్ అని, తరువాత మ్యూజిక్‌బ్రెయిన్జ్ అని ఇంకొక దారి వేశాడు. ఈ రోజు తెరిచిన చిట్టా అంటే ముందుగా చెప్పుకోవలసింది దీన్నే. అది నిలవడానికి రెండు కారణాలు మాకు కనిపిస్తాయి. ఒకటి చట్టం, ఇంకొకటి చిట్టా గీసుకున్న పద్ధతి.

చట్టం సంగతి. ఎవరు పాడారు, ఏ సంవత్సరం, ఏ కంపెనీ, ఎంత నిడివి వంటి ముఖ్యమైన వివరాలన్నీ సీసీ జీరో కింద ఉంచారు. అంటే వాటిమీద ఎవరికీ హక్కు లేదు, అందరూ వాడుకోవచ్చు. వారానికి రెండుసార్లు మొత్తం చిట్టా నకలు బయట పెడతారు, ఎవరైనా దించుకోవచ్చు. 2004లో అమెరికాలో మెటాబ్రెయిన్జ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టి చిట్టాను దానికి అప్పగించారు. వ్యాపారానికి వాడుకునే కంపెనీలు ఇచ్చే డబ్బుతో, చందాలతో అది నడుస్తుంది. 2007లోనే బి.బి.సి. దీన్ని వాడుకోవడానికి ఒప్పందం చేసుకుంది. రేపు ఆ సంస్థ చెడిపోయినా, నకలు ఉన్నవారు ఇంకొకచోట మళ్ళీ మొదలుపెట్టవచ్చు. అమ్మినా తాళం వేయడానికి వీల్లేకుండా కట్టిన ఇల్లు అది.

ఇక పద్ధతి. మామూలుగా మనం "పాట" అని ఒక్క మాట అంటాము. ఇక్కడ దాన్ని విడదీస్తారు. త్యాగరాజస్వామి పంచరత్నాల్లోని శ్రీరాగ కీర్తన ఒక రచన. బాలమురళీకృష్ణగారు ఒక రోజు దాన్ని పాడితే అది ఒక రికార్డింగు. ఇంకొకరు పాడితే, లేదా ఆయనే ఇంకొకసారి పాడితే, అది వేరే రికార్డింగు. ఆ రికార్డింగు ముందు ఎల్.పి.గా, తరువాత క్యాసెట్‌గా, ఆ తరువాత సి.డి.గా వస్తే మూడు విడుదలలు. రచన ఒక్కటే. దానికి రచయిత, రాగం, తాళం, భాష ఒక్కసారి రాస్తే చాలు, ముడివేసిన రికార్డింగులన్నిటికీ అది వర్తిస్తుంది.

ప్రతిదానికీ 36 అక్షరాల ఒక గుర్తింపు నంబరు ఉంటుంది. రైల్వేలో గుమాస్తాగిరీ చేసిన మావంటివాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. మద్రాసు సెంట్రల్ కోడు ఎం.ఏ.ఎస్. 1996లో ఊరు చెన్నై అయింది. 2019లో స్టేషనుకు ఎం.జి.ఆర్. పేరు పెట్టారు. బోర్డులు మారాయి, కోడు మాత్రం ఎం.ఏ.ఎస్.గానే ఉంది. పేరు మనుషుల కోసం, కోడు లెక్క కోసం. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో కూడా పేరు దిద్దినా నంబరు మారదు. ఒకరినే రెండుచోట్ల రాసి ఉంటే కలిపేస్తారు. పాత నంబరుతో వెతికినా సరైన చోటికే తీసుకుపోతుంది.

పేర్ల చిక్కు మనకు బాగా తెలిసినదే. శ్రీనివాస్ అంటే ఎవరు? కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్‌గారా, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌గారా? అందుకే ప్రతి పేరు పక్కన "గాయకుడు", "మాండలిన్ వాద్యకారుడు" అని చిన్న గుర్తు రాసే చోటు ఉంది. ఇంకొక చిక్కు, ఒకే మనిషికి నాలుగు రాతలు. తెలుగు అట్టమీద బాలసుబ్రహ్మణ్యం, తమిళ అట్టమీద బాలసుబ్రమణ్యం, ఇంకొకచోట ఎస్.పి.బి. మనిషి ఒక్కరే కాబట్టి నంబరు ఒక్కటే. ఏ అట్టమీద ఎలా అచ్చయిందో ఆ విడుదలకు అలాగే రాసుకోవచ్చు. మిగతా రాతలు మారుపేర్లుగా ఉంటాయి, ఏ మారుపేరు ఏ భాషదో కూడా గుర్తు పెట్టవచ్చు.

తమిళ మీడియంలో చదివిన మాకు దీని విలువ తెలుసు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. గానం అని రాసినా కానం అని రాసినా రాత ఒకటే. తెలుగు కీర్తన తమిళ లిపిలోకి పోయి, అక్కడినుంచి ఇంగ్లీషు అట్టమీదికి ఎక్కేసరికి తెలియనివారికి ఏ మాటో పోల్చుకోవడం కష్టం. త్యాగరాజ పేరుకే ఇంగ్లీషులో టి తరువాత హెచ్ పెట్టేవారు కొందరు, పెట్టనివారు కొందరు. తెలుగు లిపిలో ఒక మారుపేరు రాసి ఉంటే చాలు, అసలు మాట ఏమిటో తేలిపోతుంది.

మరి ఎవరంటే వారు రాస్తే తప్పులు రావా? వస్తాయి. వాటికి ఒక ఏర్పాటు ఉంది. సభ్యుడుగా చేరినవారు ఎవరైనా సవరణ పెట్టవచ్చు. కొత్తగా చేర్చేవి చాలావరకు వెంటనే ఎక్కుతాయి. ఉన్నదాన్ని మార్చడం, రెంటిని కలపడం, తీసివేయడం వంటివి ఏడు రోజులు ఓటుకు ఉంటాయి. మూడు ఓట్లు ఒకే వైపు పడి ఎదురు ఓటు లేకపోతే ముందే తేలిపోతుంది. ఎవరూ ఓటు వేయకపోతే గడువు తరువాత ఎక్కుతుంది. ఎక్కడ చూసి రాశారో ఒక మాట రాయడం మర్యాద. అన్నిటికన్నా మాకు నచ్చింది, పాత రాత, కొత్త రాత, మార్చినవారు, తేదీ అన్నీ ఎప్పటికీ నిలిచి ఉంటాయి. ఆఫీసు లెడ్జరులో తప్పు రబ్బరుతో చెరపకూడదు, ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి అని మాకు నేర్పినదీ ఇదే.

కర్ణాటక సంగీతానికి ఇందులో ప్రత్యేకంగా చోటు దొరికింది. బార్సిలోనాలోని పోంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా నాయకత్వాన కాంప్‌మ్యూజిక్ అనే పరిశోధన 2011లో మొదలైంది. వాళ్ళు కర్ణాటక, హిందుస్తానీ, తుర్కీ, చైనా సంగీతాల రికార్డింగుల వివరాలను మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో నమోదు చేసి పనిచేశారు. ఇప్పుడు రచన వివరాల్లో రాగానికి, తాళానికి వేరే గడులు ఉన్నాయి. ఆ గడుల పక్కనే సాహిత్య భాషకు ఒక గడి ఉంది.

మన పని ఆ గడితోనే. త్యాగరాజస్వామి తిరువయ్యారులో ఉండి కీర్తనలు ఎక్కువగా తెలుగులో చేశారు. పాడేవారు ఎక్కువమంది తమిళులు, అట్ట ఇంగ్లీషు. అట్ట చూసి రాసేవారికి అది ఏ భాషో తెలియకపోవచ్చు. వారిది తప్పు కాదు, గడి ఖాళీగా వదిలి ముందుకు పోతారు. ఆ గడిలో "తెలుగు" అని నింపగలిగినవారు మనమే. సినిమా పాటలు కూడా అంతే. 1992లో వచ్చిన రోజా చూడండి. ఏ.ఆర్. రెహమాన్ బాణీ ఒక్కటే. తమిళ సాహిత్యం వైరముత్తు, తెలుగు సాహిత్యం రాజశ్రీ. రెండు రచనలుగా రాసి, ఒకటి ఇంకొకదాని అనువాద రూపం అని ముడివేసే ఏర్పాటు ఉంది. ఆ ముడి వేయకపోతే డబ్బింగు పాటలు రాసినవారి పేరు ఎక్కడా మిగలదు. ఎవరు కట్టారో తెలియని పాటలకు కూడా "సాంప్రదాయం" అని రాసే వీలుంది. మన ఆడవాళ్ళ పెళ్ళిపాటలు రికార్డయి బయటికి వచ్చి ఉంటే వాటికీ అక్కడ చోటు ఉంది.

ఊరికే రాసేవారి చిట్టాలో, రాసేవారికి తెలిసినదే ఉంటుంది. తెలుగు తెలిసినవారు రాకపోతే తెలుగు పలచగా ఉంటుంది. దీనికి ఎవరిమీదా కోపం పెట్టుకోవలసిన పని లేదు.

కాబట్టి సభ్యులకు మా మనవి. ఇంట్లో ఉన్న క్యాసెట్ కాగితాలు, ఎల్.పి. అట్టలు పారేయకండి. ముందు వెనక ఫోటో తీసి ఉంచండి. కంపెనీ పేరు, కేటలాగు నంబరు, సంవత్సరం, పక్కవాద్యాలవారి పేర్లు చదవగలిగినంత రాసిపెట్టండి. ఎవరు పాడారో గొంతు విని చెప్పగల పెద్దలు ఇంట్లో ఉంటే ఈ నెలే కూర్చోబెట్టి అడగండి. కంప్యూటర్ తెలిసిన పిల్లలు ఆ రాతను చిట్టాలోకి ఎక్కిస్తారు. వాళ్ళకు తెలుగు చదవడం రాకపోతే పక్కన కూర్చుని చదివి చెప్పండి. మొదట భాష గడి నింపించండి.