ఉచిత పూర్వ ప్రాథమిక విద్య: అర్హత నిబంధనల చరిత్ర

ఒక ప్రభుత్వ పథకం చరిత్రను అధ్యయనం చేసేటప్పుడు మీరు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. అది ఎవరికి వర్తిస్తుంది, ఎవరిని మినహాయిస్తుంది? ప్రభుత్వం ఆ సేవను సహాయంగా భావిస్తోందా, హక్కుగా గుర్తిస్తోందా అనే విషయం అర్హత నిబంధనల్లోనే తెలుస్తుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా అందించే పూర్వ ప్రాథమిక విద్య విషయంలో ఈ నిబంధనలు ఎలా మారాయో ఈ భాగంలో తెలుసుకొంటారు.

1. ప్రాంతాన్ని బట్టి అర్హత

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు వంటి ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. వెనుకబడిన ప్రాంతాలకు, గిరిజన ప్రాంతాలకు, పట్టణ మురికివాడలకు ప్రాధాన్యమిచ్చారు. సుమారు వెయ్యి మంది జనాభాకు, గిరిజన ప్రాంతాల్లో 700 మందికి ఒక అంగన్‌వాడీ కేంద్రం ఉండాలన్నది నాటి ప్రమాణం. కాబట్టి ఒక బిడ్డకు ఈ సేవలు అందడం ముందుగా ఆ బిడ్డ ఏ ఊళ్లో పుట్టాడన్న దానిపై ఆధారపడింది. కేంద్రం లేని ఊళ్లో ఎంత పేద కుటుంబానికైనా దరఖాస్తు చేసుకొనే చోటే లేదు.

2. విద్యాహక్కులో ఆరేళ్లలోపు పిల్లలు

పద్నాలుగేళ్లు నిండే వరకు పిల్లలందరికీ ఉచిత విద్య అందించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 45వ అధికరణ మొదట నిర్దేశించింది. అందులో కనీస వయసు పరిమితి లేదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు విద్యను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. అయితే 2002లో చేసిన 86వ రాజ్యాంగ సవరణ ఆ హక్కును ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికే పరిమితం చేసింది. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, విద్య ఆదేశిక సూత్రంగా మిగిలాయి. 2009 విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ కూడా ఈ వయసు పిల్లలకు ప్రభుత్వం ఉచిత విద్యకు ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అని మాత్రమే చెప్పింది. ‘చేయాలి’ అనలేదన్న సంగతి గమనించండి.

3. ఆహార హక్కు కేసు

విద్యాహక్కులో చోటు దక్కని చిన్నారులకు మరో మార్గంలో న్యాయం లభించింది. గోదాముల్లో ధాన్యం నిల్వలు పేరుకుపోతున్నా కరవు ప్రాంతాల్లో ప్రజలు ఆకలితో అలమటిస్తున్న నేపథ్యంలో, 2001లో పౌర హక్కుల ప్రజా సంఘం (పీయూసీఎల్) సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ప్రతి ఆవాసంలోనూ అంగన్‌వాడీ ఉండాలని కోర్టు అదే ఏడాది నవంబరు 28న ఆదేశించింది. ఐసీడీఎస్ సేవలకు దారిద్ర్యరేఖను అర్హతగా వాడరాదని 2004 అక్టోబరులో స్పష్టం చేసింది. దాంతో ఆదాయ ధ్రువపత్రం అవసరం తొలగింది.

2006 డిసెంబరు 13 నాటి తీర్పు మరింత ముందుకు వెళ్లింది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని గ్రామీణ ఆవాసం లేదా మురికివాడ వాసులు కోరితే, మూడు నెలల్లో కేంద్రం ఏర్పాటు చేయాలి. ఒక కుటుంబం తన బిడ్డ కోసం పెట్టుకొనే దరఖాస్తుకు భిన్నంగా, ఇది ఊరంతా కలిసి అడిగే హక్కు.

4. ముగింపు

ప్రాంతం, పేదరికం అనే రెండు షరతులూ క్రమంగా సడలి, వయసు ఒక్కటే ప్రధాన అర్హత అయింది. ఈ మార్పుకు మూలం విద్యాహక్కు చట్టం కాదు, అన్నం కోసం వేసిన కేసు. అందుకే అంగన్‌వాడీలో చదువు నేటికీ భోజనం వెనుకే నిలుస్తోంది. 2030 నాటికి పూర్వ బాల్య విద్య అందరికీ అందాలని 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టుకొంది. అయితే లక్ష్యం నెరవేరకపోతే గడువు పొడిగించవచ్చు; హక్కు అమలు కాకపోతే కోర్టులో ప్రశ్నించవచ్చు. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 86వ రాజ్యాంగ సవరణ ఆరేళ్లలోపు పిల్లల హక్కులపై చూపిన ప్రభావాన్ని వివరించండి.
2. మీ ఊళ్లో కొత్త అంగన్‌వాడీ కోరాలంటే 2006 తీర్పు ప్రకారం ఏయే అంశాలు చూపాలి?