శబరవాణికై శ్రవణశక్తిని ధారపోసిన ఉపాధ్యాయుడు

శ్రీముఖలింగేశ్వరాయ నమః.

మా పొందూరు నుండి వంశధారా తీరంలోని శ్రీముఖలింగ క్షేత్రానికి వెళ్ళే భక్తులకు అక్కడి స్థలపురాణం సుపరిచితమే. పరమేశ్వరుడు శబరులకు మధూకవృక్షంలో, అనగా ఇప్పచెట్టులో, సాక్షాత్కరించి మధుకేశ్వరుడైనాడు. ఆ క్షేత్రసమీపమందలి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జన్మించారు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారిని లోకం ఎరుగును. ఆ ఉద్యమానికి పూర్వమే వారు ఆరంభించిన మరొక తపస్సును స్మరించుటయే ఈ వ్యాసోద్దేశం.

1880లో వారు పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. ముఖలింగాలయ శాసనాలను స్వయంకృషితో చదవ నేర్చి, కళింగ గాంగుల చరిత్రను పరిశోధించారు. పర్లాకిమిడి పరిసరాల కొండలు శబరుల నివాసస్థానాలు. వారి భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణం లేదు. తెలుగు తెలిసిన ఒక శబరుని తమ ఇంట ఉంచుకొని, అతని ముఖతః పంతులుగారు ఆ భాషను అభ్యసించారు. శబర బాలుర కొరకు వాచకాలు రచించారు, వారి కథలను, పాటలను సేకరించారు, స్వంత ధనంతో బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ ద్రవ్యాన్ని శబరుల పాఠశాలలకే వినియోగించమని కోరారు.

ఈ సేవకు వారు చెల్లించిన మూల్యం అల్పం కాదు. మన్యసంచారంలో మలేరియా సోకింది. దానికి సేవించిన క్వినైను వలన శ్రవణశక్తి క్షీణించింది. పరుల వాక్కును వినుటకై కొండలెక్కిన మహనీయుడు తన వినికిడినే కోల్పోయినాడు! అయినను దీక్ష విడువలేదు. 1931లో శబరభాషా వ్యాకరణం, 1938లో శబర-ఆంగ్ల నిఘంటువు వెలువడినాయి.

ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపోపాఖ్యానాన్ని అధ్యయనం చేసినవారికి ఒక విషయం తెలుసు. విశ్వామిత్రుని శాపానికి గురియైన జ్యేష్ఠపుత్రుల సంతతిలో ఆంధ్రులూ శబరులూ ఏకవాక్యంలోనే పేర్కొనబడినారు. శబరుని అన్యునిగా చూచే ఆంధ్రుడు తన సోదరునే విస్మరించుచున్నాడన్నమాట. పంతులుగారు గ్రంథం చూపి వాదించలేదు, ఆ బంధుత్వాన్ని ఆచరించి చూపినారు.

స్వరం తప్పితే మంత్రం చెడునని బాల్యం నుండి నేర్చిన మాబోటి వైదికులకు గ్రాంథికంపై మమకారం సహజం. అందుచేత వారి వ్యావహారికవాదం చిరకాలం నాకు కంటకంగానే తోచింది. కానీ కుండకై కుమ్మరి ఇంటికి వెళ్ళినట్లు మాటకై వైయాకరణుని ఇంటికి ఎవరూ వెళ్ళరని పతంజలి మహర్షియే ఏనాడో సూచించినాడు కదా! శబ్దం లోకంలో పుట్టును, శాస్త్రం దానిని అనుసరించును. కొండవాని నోట కూడా వాగ్దేవిని దర్శించినవానికే ఈ సత్యం పూర్ణంగా బోధపడును.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు వారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న పరమపదించారు. ఇకపై ముఖలింగదర్శనం చేసుకొనే భక్తులు, స్వామి మొదట ఎవరికి ప్రత్యక్షమైనాడో తలచుకొని, ఆ జనుల మాటకు అక్షరరూపమిచ్చిన ఈ బడిపంతులుగారికి కూడా ఒక నమస్కారం సమర్పించెదరు గాక.

స్వస్తి.