కీళ్ళవాతం – సుబ్బారావుగారి మందు



నగరి నుంచో, సూళ్ళూరుపేట నుంచో రైల్లో వచ్చి చెన్నై సెంట్రల్ స్టేషనులో దిగితే ఎదురుగా కనిపించేది పెద్దాసుపత్రి. దాన్ని ఆనుకునే 1835లో మొదలైన మద్రాసు వైద్య కళాశాల ఉంది. వేళ్ళ కణుపులు ఉబ్బి, పొద్దున లేవగానే పిడికిలి బిగించలేక, మన సరిహద్దు జిల్లాల నుంచి అక్కడికి వెళ్ళేవాళ్ళు ఎందరో. వాళ్ళలో చాలామందికి డాక్టర్లు రాసే ఒక చిన్న మాత్ర వెనుక ఆ కళాశాలలోనే చదువుకున్న ఒక తెలుగువాడి కృషి ఉంది. ఆ కథ ఇవాళ చెప్పుకుందాం.

ముందు జబ్బు సంగతి. మోకాలి అరుగుదల వేరు, కీళ్ళవాతం వేరు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని వైద్యులు పిలిచే ఈ కీళ్ళవాతం ముసలితనంలో వచ్చే అరుగుదల కాదు. ముప్ఫై, నలభై ఏళ్ళవాళ్ళకూ వస్తుంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు ఎక్కువ. మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారి తప్పి కీళ్ళ లోపలి పొర మీద పడుతుంది.

ఎందుకలా? మన ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబురు మోసే ప్రొటీన్లను సైటోకైన్లు అంటారు. ఊళ్ళో దొంగలు పడితే దండోరా వేసి జనాన్ని పోగుచేసినట్టు, క్రిములు చొరబడినప్పుడు ఇవి తెల్లకణాలను రప్పిస్తాయి. అప్పుడు ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది. పని కాగానే దండోరా ఆగాలి. కీళ్ళవాతంలో అది ఆగదు. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్లు ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. కీలుపొర దళసరెక్కి, పక్కనున్న ఎముకను తినేస్తుంది. సొరియాసిస్‌లో చర్మాన్నీ, క్రోన్స్ వ్యాధిలో పేగునూ బాధించేదీ ఇలాంటి ఆగని దండోరాయే.

ఈ రహస్యం తెలియకముందే మందు పుట్టింది. అదే విశేషం.

1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడుక్కుని శస్త్రచికిత్స తరగతికి వెళ్ళారు. ఆచార్యుడికి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. కొంతకాలం మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పి, 1923లో అమెరికా వెళ్ళారు. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతకు అది మందయింది. ఆ తరువాత, ఫోలిక్ ఆమ్లం పని చెయ్యకుండా అడ్డుపడే పదార్థాలనూ తయారుచేశారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్తకాన్సరు పిల్లలకు ఇచ్చి, కొందరిలో తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

1951లో గబ్నర్ అనే అమెరికన్ వైద్యుడు అదే అమినోప్టెరిన్‌ను కీళ్ళవాతానికి వాడి, వాపు తగ్గడం గమనించాడు. కానీ అప్పటికే కార్టిజోన్ పేరు మారుమోగుతోంది. గబ్నర్ మాట మరుగున పడింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌కు కీళ్ళవాతం మందుగా అమెరికా ప్రభుత్వ అనుమతి దొరికింది 1988లో!

ఇక కబురు మోసే ప్రొటీన్ల సంగతి. టి.ఎన్.ఎఫ్.కు ఆ పేరు 1975లో వచ్చింది. లండన్‌లో ఫెల్డ్‌మన్, పంజాబులో పుట్టిన రవీందర్ మైనీ కలిసి, ఆ ఒక్కదాన్ని అడ్డుకుంటే మిగతా ప్రొటీన్ల జోరు కూడా తగ్గుతుందని చూపించారు. 1992లో చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో ఇరవైమంది రోగులకు టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే ఇంజెక్షను ఇస్తే వాపు దిగింది. అయితే ఆ ఇంజెక్షను గుణం ఎక్కువకాలం నిలవడానికి తోడుగా ఏమిచ్చారో తెలుసా? మెథోట్రెక్సేటే. ఇంజెక్షన్లు ఖరీదైనవి. ఈ మాత్ర చవక. ఈనాటికీ కీళ్ళవాతం వైద్యం సాధారణంగా దీనితోనే మొదలవుతుంది.

శ్రోతలారా, ఒక్క హెచ్చరిక. కీళ్ళవాతానికి ఈ మాత్రను వాడేది వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. ఏ వారం రోజున వేసుకోవాలో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. గర్భిణులు వాడకూడదు. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి. దీనితోపాటు డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. అది ఈ మందు చేసే చెడును తగ్గిస్తుంది. చూశారా, ఒకే చీటీ మీద రెండు మాత్రలు, రెండింటి వెనుకా సుబ్బారావుగారే!

కణుపుల వాపు, పొద్దుటి బిగువు ఆరు వారాలు దాటినా తగ్గకపోతే, వాతమే కదా అని ఊరుకోకండి. పేరు తెలియని నొప్పి బిళ్ళలతో సరిపుచ్చుకోకండి. కొరుక్కుపోయిన ఎముక మళ్ళీ మామూలుగా రాదు. వేళకు వెళ్తే మాత్రం చెయ్యి నిలబడుతుంది.

సెలవు.